గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విద్యార్థి చిత్రీకరణ: కెమెరా కదలిక, ఫిల్టర్, ఫోకస్ – ఔచిత్య విమర్శ

వ్యాససంగ్రహం:
కళాశాల విద్యార్థులు తీసే లఘుచిత్రం ఇప్పుడు కాలక్షేపానికి పరిమితం కాదు. చాలామంది విద్యార్థులు తమ ఊరి గురించి లోకానికి చెప్పే మొదటి మాట అదే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల స్థలాలను, వృత్తులను ఆధారంగా చేసుకొని కెమెరా కదలిక, ఫిల్టర్, ఫోకస్ అభ్యాసాలను ఈ వ్యాసం విమర్శిస్తుంది. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో అలంకార ప్రయోగానికి విధించిన నియమాలను ఇందుకు కొలమానంగా స్వీకరించి, ఆ కొలమానం సరిపోని చోటును కూడా చూపుతుంది.

కీలకపదాలు: విద్యార్థి లఘుచిత్రం, కెమెరా కదలిక, ఫిల్టర్, ఫోకస్, ఔచిత్యం, ధ్వన్యాలోకం, గద్వాల మగ్గం, పాలమూరు.

1. ఉపోద్ఘాతం:

2009లో విడుదలైన 'అరుంధతి' (దర్శకత్వం: కోడి రామకృష్ణ) గద్వాల సంస్థానం పేరును తెలుగువారి ఇంటింటికీ చేర్చింది. అయితే తెరమీద ఆ సంస్థానపు రాజభవనంగా కనిపించే కట్టడం గద్వాలలో లేదు. అది బనగానపల్లెలోని నవాబుల బంగళా. చిత్రం విజయవంతమైన తరువాత ఆ బంగళాకు 'అరుంధతి బంగళా' అనే పేరే స్థిరపడింది. సినిమాకు ఆ స్వేచ్ఛ ఉంది; అందులో తప్పు వెతకనవసరం లేదు. కానీ అసలు గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట ప్రభుత్వ డిగ్రీ కళాశాల నడుస్తోంది. వనపర్తి రాజప్రాసాదంలో ప్రభుత్వ పాలిటెక్నిక్ కళాశాల నడుస్తోంది. అంటే ఈ ప్రాంతపు విద్యార్థుల్లో కొందరికి కోట రోజూ హాజరు వేయించుకునే చోటు, ప్రాసాదం ప్రయోగశాలకు వెళ్లే దారి. ఆ విద్యార్థి ఫోన్ పైకెత్తి తన కళాశాలను చిత్రీకరించబోయినప్పుడు అతని కంటిలో ముందుగా మెదిలేది ఏ గద్వాల? రోజూ నడిచే గద్వాలా, తెరమీద చూసిన గద్వాలా?

సాంకేతిక శిక్షణ ఈ ప్రశ్నను సాధారణంగా దాటవేస్తుంది. కెమెరాను ఎలా తిప్పాలో, ఏ ఫిల్టర్ ఎప్పుడు వాడాలో, ఫోకస్ ఎలా మార్చాలో నేర్పుతుంది. ఎందుకు అన్నది దర్శకుని ఇష్టానికి వదిలేస్తుంది. సాహిత్య విద్యార్థికి ఈ విభజన వింతగా తోచాలి. అలంకారశాస్త్రం ఉపమను ఎలా కట్టాలో చెప్పి ఊరుకోలేదు. ఎక్కడ కట్టకూడదో కూడా చెప్పింది.

2. కొలమానం:

ధ్వన్యాలోకం రెండవ ఉద్యోతంలో ఆనందవర్ధనుడు రూపకాది అలంకారాలను శృంగార రసంలో ఎలా నిలపాలో వివరిస్తాడు. అలంకారం రసానికి అంగంగానే ఉండాలి, అంగి కాకూడదు. దానిని సమయానికి గ్రహించాలి, సమయానికి వదలాలి. తుదికంటా లాగాలనే ఆరాటం ఉండకూడదు. ఒకవేళ చివరిదాకా సాగినా అది అంగంగానే ఉన్నదో లేదో కవి జాగ్రత్తగా చూసుకోవాలి. వీటన్నిటికీ మూలమైన మాట మరొకటి ఉంది: రసావేశంలో ఉన్న కవికి వేరు ప్రయత్నం లేకుండా ఒదిగివచ్చేదే ధ్వనికావ్యంలో అలంకారం. తరువాతి కాలంలో క్షేమేంద్రుడు ఔచిత్యవిచారచర్చలో ఈ ఆలోచననే కావ్యంలోని సమస్తాంగాలకూ విస్తరించాడు.

శబ్దార్థాల కోసం పుట్టిన సూత్రాన్ని కటకానికి అంటగట్టడం సబబా అనే ఆక్షేపణ రావచ్చు. రావాలి కూడా. కవి ఉపమ లేకుండా వాక్యం రాయగలడు. ఛాయాగ్రాహకుడు కెమెరాను ఎక్కడో ఒకచోట నిలపకుండా దృశ్యాన్ని తీయలేడు. అందువల్ల కెమెరాకు సంబంధించిన ప్రతి నిర్ణయమూ అలంకారం కాదు. కదలిక, ఫిల్టర్ అలంకారాలకు దగ్గరివి. అవి లేకుండానూ దృశ్యం ఉంటుంది. ఫోకస్ విషయం వేరు. దాని చర్చ అయిదవ విభాగంలో వస్తుంది.

3. కదలిక:

పాన్ అంటే కెమెరా నిలిచినచోటే ఉండి పక్కకు తిరగడం. టిల్ట్ అంటే కిందికో పైకో వంగడం. ట్రాకింగ్ అంటే కెమెరాయే చోటు మారడం. ఈ మూడింటికీ నిర్వచనాలు చెప్పగల విద్యార్థి కూడా వాటిని మొదలుపెట్టినంత సులభంగా ముగించలేడు. కోటగోడ మీద పాన్ మొదలవుతుంది, బురుజు దాటుతుంది, చెట్టు దాటుతుంది, ఎక్కడ ఆగాలో తెలియక కట్‌తో తెగిపోతుంది. మొదటి ఫ్రేముకు ఒక అర్థం, ఆగే ఫ్రేముకు మరొక అర్థం ఉండి, రెండింటి నడుమ ప్రయాణం మూడవ అర్థాన్ని పుట్టిస్తేనే పాన్ నిలుస్తుంది. గద్వాల కోటలో ఇందుకు తగిన అభ్యాసం సిద్ధంగా ఉంది. చెన్నకేశవస్వామి ఆలయం నుండి మొదలైన పాన్ కళాశాల తరగతి గది కిటికీ వద్ద ఆగితే, సంస్థానకాలం నుండి ప్రజాస్వామ్యకాలానికి జరిగిన ప్రయాణం ఒక్క మాట లేకుండా వ్యక్తమవుతుంది. అదే పాన్ ఆలయం నుండి మొదలై ఆకాశంలో ఆగితే ఏమీ వ్యక్తం కాదు. గ్రహణం సరిగా జరిగింది, త్యాగం తప్పింది.

జింబల్ వచ్చాక ఈ లోపం తగ్గలేదు, పెరిగింది. కుదుపు లేని నడక యంత్రమే ఇస్తున్నందున విద్యార్థి ఆగవలసిన అవసరమే కనిపించదు. పాత్ర నడిస్తే వెనుక కెమెరా, పాత్ర కూర్చుంటే చుట్టూ కెమెరా. డ్రోన్ మరీను. కోటను, ఊరిని, నదిని పైనుండి చూపే ప్రారంభ దృశ్యం విద్యార్థి చిత్రాల్లో నాందీ శ్లోకంలా తయారైంది. నాందికైనా కథాసూచన చేసే బాధ్యత ఉంది. ఈ డ్రోన్ దృశ్యాలకు అదీ లేదు. గద్వాల కోటను పైనుండి ఎవరు చూస్తున్నారు? కథలో పైనుండి చూడగల పాత్ర ఎవరూ లేనప్పుడు ఆ చూపు పర్యాటక ప్రకటనదే అవుతుంది.

కదలకపోవడం ఎంత బలమైన నిర్ణయమో తెలియడానికి తెలంగాణ గడీనే చూపిన ఒక చిత్రం ఉంది. బి.నర్సింగరావు 'దాసి' (1988) ఉత్తమ ఛాయాగ్రహణానికి జాతీయ పురస్కారం పొందింది, ఛాయాగ్రాహకుడు ఎ.కె.బీర్. దొర గడీలో దాసి కమలాక్షి బతుకును చెప్పే ఆ చిత్రం నిశ్చలమైన ఫ్రేములను, దీర్ఘమైన మౌనాన్ని నమ్ముకుంది. గడీలో దాసికి తన ఇష్టప్రకారం కదిలే హక్కు లేదు. ఆమె చుట్టూ కెమెరా స్వేచ్ఛగా విహరించి ఉంటే ఆ నిర్బంధం ప్రేక్షకుని అనుభవంలోకి వచ్చేది కాదు. 'అరుంధతి'లో భవనం భయాన్ని, అద్భుతాన్ని మోయాలి గనుక ఛాయాగ్రాహకుడు కె.కె.సెంథిల్ కుమార్ కెమెరాను కిందినుండి పైకి ఎత్తడం, భవనాన్ని మనిషికంటె ఎన్నో రెట్లు పెంచి చూపడం ఆ కథకు ఉచితమే. చిక్కు విద్యార్థి చిత్రంలో వస్తుంది: హాస్టల్ ఫీజు కట్టలేని అమ్మాయి కథకు అద్భుతరస చిత్రపు కదలికలు తొడిగినప్పుడు.

కుదుపు కూడా దోషమే కానవసరం లేదు. వనపర్తి సంస్థాన కుటుంబానికి చెందిన కిరణ్ రావు తీసిన 'ధోబీ ఘాట్'లో యాస్మిన్ అనే పాత్ర చిన్న వీడియో కెమెరాతో తన ఇంటివారికి లేఖలు చిత్రీకరిస్తుంది. ఆ దృశ్యాల్లో చేతివణుకు, తప్పిన ఫ్రేములు ఆమె ఒంటరితనానికి అంగాలు. వణుకును సరిదిద్దితే పాత్రే చెదిరిపోతుంది. జింబల్ కొనుక్కోలేని విద్యార్థికి ఇది ఊరట కోసం చెప్పే మాట కాదు. వణుకు ఎవరిదో కథలో తేలాలి.

4. ఫిల్టర్:

ఈ మాట ఇప్పుడు రెండు భిన్నమైన పనులకు వాడుకలో ఉంది. కటకం ముందు బిగించే గాజు ఫిల్టర్ కాంతి నమోదు కాకముందే దానిని మారుస్తుంది. ఫోన్ యాప్‌లోని 'ఫిల్టర్' నమోదైన తరువాత రంగు పులుముతుంది. మొదటిది చిత్రీకరణ వేళ ఎండను, నీటిని, రాతిని చూసి తీసుకునే నిర్ణయం. రెండవది గదిలో కూర్చొని వేసే పూత. నలుపు తెలుపుల కాలంలో పసుపు, నారింజ, ఎరుపు గాజులు నీలాకాశాన్ని వేర్వేరు మోతాదుల్లో నల్లబరిచి మేఘాలను విడదీసేవి. ఆ మోతాదును ఛాయాగ్రాహకుడు ఆకాశం కింద నిలబడే తేల్చుకోవాలి. వేరు ప్రయత్నం లేని అలంకారానికి, తరువాత తొడిగిన నగకు ఉన్న భేదమే ఇక్కడా ఉంది.

పూతల్లో అత్యంత హానికరమైనది కరువు పసుపు. పాలమూరు కథ అనగానే దృశ్యమంతా ఎండుగడ్డి రంగులోకి మారుతుంది. ఆ రంగు ఈ నేల నుండి పుట్టింది కాదు. హాలీవుడ్ చిత్రం 'ట్రాఫిక్' (2000) మెక్సికో దృశ్యాలను పొగాకు పసుపులో ముంచింది; పేద దేశాలను, వేడి ప్రాంతాలను పసుపుగా చూపడం ఆ తరువాత ప్రపంచ సినిమాలో ఒక వాడుకగా పాతుకుపోయింది. అదే చూపు యాప్‌లోకి, యాప్ నుండి విద్యార్థి చేతికి వచ్చింది. ఇక్కడి నేలను చూస్తే కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో నల్లరేగడి ఉంది, విత్తనపత్తి చేలు ఉన్నాయి. జూరాల జలాశయం ఉంది. ఎత్తిపోతల నీరు చేరిన ఊళ్లలో వరి పచ్చదనం ఉంది. ఇదంతా ఉండగా వలస కూడా ఉంది. తరాల తరబడి దేశమంతటా ఆనకట్టలు, కాలువలు తవ్విన పాలమూరు కూలీల చరిత్ర ఉంది. పచ్చని పొలం పక్కనుండే వలస బస్సు బయలుదేరడం అసలు విషాదం. నీరు వచ్చినా భూమి లేనివాడు కదలక తప్పదు. పసుపు పూత ఈ వైరుధ్యాన్ని తుడిచివేసి, ఎండ వల్ల వలస అనే సులువైన కారణాన్ని నిలబెడుతుంది. అప్పుడు అలంకారం అంగిగా మారడమే కాదు, అబద్ధం కూడా అవుతుంది.

గాజు ఫిల్టర్లలో ఈ ప్రాంతపు వెలుగుకు మొదట కావలసినది న్యూట్రల్ డెన్సిటీ, వాడుకలో ఎన్‌డీ. ఫోన్ కటకపు రంధ్రం సాధారణంగా మారదు, ఎఫ్1.8 దగ్గర స్థిరంగా ఉంటుంది. మండుటెండలో సున్నితత్వాన్ని 50కి తగ్గించినా షట్టర్ వేగం సెకనులో సుమారు 4000వ వంతుకు పోతుంది. ఆ వేగంలో ప్రతి ఫ్రేమూ గడ్డకట్టి, కదలిక తుంపులు తుంపులుగా కనిపిస్తుంది. కోటగోడ మీది పాన్ గెంతుతున్నట్లుంటుంది. సెకనుకు 25 ఫ్రేముల చిత్రీకరణకు 50వ వంతు షట్టర్ సహజమైన మసకను ఇస్తుంది. ఆరు స్టాపుల కాంతిని తగ్గించే ఎన్‌డీ64 గాజు ఈ అంతరాన్ని దాదాపుగా పూడుస్తుంది. ఇది రంగు మార్చదు, అందం పెంచదు. కదలికను కంటికి నమ్మదగినదిగా చేస్తుంది. ఉన్నట్లే తెలియని అలంకారానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

పోలరైజర్ వద్ద ఔచిత్యచర్చ మరింత ఆసక్తికరం. అది నీటి మీద, ఆకుల మీద, నునుపైన ఉపరితలాల మీద తళుకును తగ్గిస్తుంది. సూర్యునికి లంబదిశలో ఆకాశాన్ని చిక్కబరుస్తుంది. ఆలంపురం నవబ్రహ్మాలయాల ఎర్రరాతి గోపురం వెనుక నీలాన్ని నిలపడానికి అది తగినదే. జూరాల నీటి మీద దాన్ని తిప్పితే ప్రతిబింబం పోయి అడుగు కనిపించవచ్చు; కథకు ప్రతిబింబమే ముఖ్యమైతే అక్కడ అదే దోషం. గద్వాల చీర వద్ద చిక్కు సూక్ష్మమవుతుంది. ఒడలు నూలు, అంచు పట్టు, దానిపై జరీ. పోలరైజర్ పట్టు మీది తళుకును తగ్గించగలదు. లోహపు మెరుపును అంతగా తగ్గించలేదు. దానితో పట్టు నూలులాగా మందగించి, జరీ ఒక్కటే మిగులుతుంది. నూలుకూ పట్టుకూ నడుమనున్న భేదమే గద్వాల చీర ప్రత్యేకత. ఆ భేదాన్ని చూపవలసిన దృశ్యంలో పోలరైజర్ వాడిన విద్యార్థి పుస్తకం ప్రకారం తప్పు చేయలేదు; నేతగాని పనిని మాత్రం చెరిపేశాడు.

5. ఫోకస్:

కదలికను వదలవచ్చు, ఫిల్టర్‌ను తీసివేయవచ్చు. ఫోకస్‌ను వదలడానికి వీల్లేదు. ఫ్రేములో ఏదో ఒకటి స్పష్టంగా ఉంటుంది, లేదా అస్పష్టతే నిర్ణయమవుతుంది. ఇక్కడ ఆనందవర్ధనుని గ్రహణత్యాగ నియమం పనిచేయదు. పనిచేసేది అంగాంగి నియమం. ఎవరు అంగి, ఎవరు అంగం, ఆ తీర్పు ఎవరిది?

ఫోన్‌లోని పోర్ట్రెయిట్ లేదా సినిమాటిక్ మోడ్ ఈ తీర్పును యంత్రానికి అప్పగిస్తుంది. ముఖాన్ని గుర్తించి, మిగిలినదంతా గణన ద్వారా మసకబారుస్తుంది. వెంట్రుకల అంచుల వద్ద, పడుగు పోగుల వంటి సన్నని గీతల వద్ద ఆ గణన తరచు తడబడుతుంది. తడబడకపోయినా సమస్య తీరదు. మగ్గం ముందు కూర్చున్న నేతగాని ముఖం స్పష్టం, మగ్గం మసక. చిత్రం అందంగా ఉంటుంది, పదిమంది మెచ్చుకుంటారు. కానీ అతను నేతగాడని చెప్పేది ముఖం కాదు. గుంటలో తొక్కుడుకర్రలపై ఉన్న కాళ్లు, పడుగులోంచి దూసుకుపోయే నాడె, వెనుక కండెలు చుట్టే ఇంటి ఆడవారు, గుమ్మం దగ్గర నూలు తెచ్చి చీర తీసుకుపోయే మాస్టర్ వీవర్ మనిషి. నేతగాడు కూలికి నేస్తున్నాడా, తనకోసం నేస్తున్నాడా అనే విషయం ఆ వెనుక భాగంలోనే ఉంది. దాన్ని మసకబారిస్తే మిగిలేది 'కష్టజీవి' అనే సాధారణీకరణ. సాధారణీకరణం రససిద్ధాంతంలో గొప్ప మాటే. అది విశేషం గుండా జరగాలి, విశేషాన్ని చెరిపి కాదు. ఆసుయంత్రం నిర్మించిన చింతకింది మల్లేశం జీవితంపై వచ్చిన 'మల్లేశం' (2019) కథ ముఖం చుట్టూ మాత్రమే తిరిగి ఉంటే, తల్లి భుజం నొప్పికీ ఆసు పోయడానికీ ఉన్న సంబంధం ప్రేక్షకునికి అందేది కాదు.

ఇందులో ఒక చారిత్రక వైచిత్రి కూడా ఉంది. 'సిటిజన్ కేన్' (1941)లో గ్రెగ్ టోలండ్ ముందువెనుకలన్నీ స్పష్టంగా ఉండే డీప్ ఫోకస్ కోసం విశాలకోణ కటకాలతో, బలమైన దీపాలతో, వేగవంతమైన ఫిల్ముతో శ్రమించాడు. ప్రేక్షకుడు ఫ్రేములో తన చూపును తానే నడిపించుకునే స్వేచ్ఛ అందులో ఉందని ఆంద్రే బజాఁ విలువకట్టాడు. ఫోన్ సెన్సార్ చిన్నది గనుక ఆ డీప్ ఫోకస్ నేటి విద్యార్థి జేబులో ఉచితంగా ఉంది. అతను సాఫ్ట్‌వేర్ సాయంతో దాన్ని పోగొట్టుకుంటున్నాడు. మసక వెనుకభాగం ఖరీదైన కెమెరాకు గుర్తుగా చలామణీ అవుతోంది గనుక.

గద్వాల మగ్గపు గది ఫోకస్ అభ్యాసానికి ఇచ్చే పాఠం స్టూడియో ఇవ్వలేనిది. ముందుగా ఫోన్‌లో ఆటోఫోకస్‌ను తాళం వేయాలి. లేకుంటే నాడె కదిలిన ప్రతిసారీ కెమెరా వెతుకులాడుతుంది. గదిలో ట్యూబ్‌లైటు ఉంటే షట్టర్ సెకనులో 50వ వంతు లేదా 100వ వంతు ఉండాలి. మన విద్యుత్తు 50 హెర్ట్జ్ గనుక 60వ వంతు వద్ద చారలు పడతాయి. తరువాత ఫోకస్ మార్పు. ఇది పెద్ద సెన్సార్ కెమెరాతో గాని, ఫోన్‌ను వస్తువుకు బాగా దగ్గరగా ఉంచి గాని చేయవలసిన పని. ఒడలి నూలు పేక, అంచు పట్టు పేక ఒకదానినొకటి పెనవేసుకునే చోటే కుప్పడం నేత ప్రాణం. ఆ కలయిక మీద ఉన్న ఫోకస్ నేతగాని కళ్లకు మారిందనుకుందాం, ఎప్పుడు మారాలి? నాడె అంచు చేరి, కలయిక పూర్తై, అతను తల ఎత్తిన క్షణంలో. అంతకు ముందు మారితే విద్యార్థి తొందర కనిపిస్తుంది. ఆలస్యమైతే అతని నిర్లక్ష్యం కనిపిస్తుంది. నేత లయ తెలియనిదే ఫోకస్ లయ కుదరదు. మూడు రోజులు మగ్గం పక్కన ఊరికే కూర్చోవడమే ఇందుకు తొలి అభ్యాసం కావాలి. ఏ కరదీపికలోనూ ఇది ఉండదు.

6. జూమ్, దూరం:

నాగర్‌కర్నూల్ జిల్లాలో నల్లమల వైపు వెళ్లిన విద్యార్థి కెమెరా సాధారణంగా చెంచుపెంట ముందు ఆగుతుంది. అక్కడ సాంకేతిక ప్రశ్న నైతిక ప్రశ్నగా మారడానికి ఎంతో సమయం పట్టదు. జూమ్ చేస్తే చూపు కోణం ఇరుకవుతుంది. కెమెరా చోటు మారదు. ముఖం దగ్గరవుతుంది, మనిషి దగ్గర కాడు. టెలిఫోటోలో ముందువెనుకల దూరాలు కుంచించుకుపోయి మనిషి, గుడిసె, అడవి ఒకే పలకకు అతికించినట్లు కనిపిస్తాయి. అడవితో మనిషికి ఉన్న సంబంధాన్ని చూపాలనుకున్న దృశ్యం అడవిని వెనుకతెరగా మార్చేస్తుంది. విశాలకోణంలో అదే ముఖం కావాలంటే విద్యార్థి నాలుగడుగుల దూరానికి నడిచివెళ్లాలి; నడిచివెళ్లాలంటే పలకరించాలి, అడగాలి, కొన్నిసార్లు వద్దనిపించుకోవాలి. అనుమతి అడిగిన దృశ్యానికీ దొంగిలించిన దృశ్యానికీ తేడా కటకం ఎంపికలోనే తెలిసిపోతుంది.

7. సోమశిల వద్ద నిలిచిన కెమెరా:

కొల్లాపూర్ సమీపంలోని సోమశిల శ్రీశైలం జలాశయపు ఒడ్డు. ప్రాజెక్టు నీటిలో పాత ఊళ్లు మునిగాయి, ఆలయాలను తరలించారు. నదులు కలిసేచోటున్న కూడవెల్లి సంగమేశ్వరాలయం ఇలాగే రాయి రాయిగా విప్పబడి ఆలంపురం చేరింది. సోమశిలకు ఎదురొడ్డున నీటిలోనే మిగిలిపోయిన సంగమేశ్వరం వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడుతుంది, వరద వచ్చినప్పుడు మళ్లీ మునుగుతుంది. ఈ చోటును చిత్రీకరించేవారు ఎక్కువగా డ్రోన్‌నే నమ్ముకుంటారు. దీవులు, మలుపులు, నీలిరంగు నీరు. ముంపు మాత్రం అందులో కనిపించదు. పైనుండి చూస్తే జలాశయం ఎప్పుడూ నిండుగానే, అందంగానే ఉంటుంది.

దీనికి ప్రత్యామ్నాయం ఖరీదైనది కాదు. ఒడ్డున ఒక రాతిని గుర్తుపెట్టుకోవాలి. దానిపై త్రిపాదిని నిలిపి, కటకం, ఎత్తు, కోణం కాగితం మీద రాసుకోవాలి. సెప్టెంబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి, ఏప్రిల్ చివర ఒకసారి అదే ఫ్రేమును, అదే వేళకు, మూడేసి నిమిషాలు తీయాలి. పాన్ లేదు, ఫిల్టర్ లేదు, ఫోకస్ మార్పు లేదు. మొదటి దృశ్యంలో నీరు ఫ్రేము సగానికి ఉంటుంది. రెండవదానిలో ఒడ్డు మెట్లు బయటపడతాయి. మూడవదానిలో నీరు దిగిపోయిన మేర బురద, పగుళ్లు, నడిచివెళ్లే మనుషులు కనిపిస్తారు. అక్కడ ఒకప్పుడు తమ ఇల్లుండేదని చూపుడువేలుతో చూపే వృద్ధులు దొరికితే, ఆ వేలు చూపే దిక్కుకు కెమెరాను తిప్పాలనే కోరిక విద్యార్థికి బలంగా కలుగుతుంది. తిప్పితే కనిపించేది బురద మాత్రమే. తిప్పకుండా ఆ వేలినీ, ఆ ముఖాన్నీ ఫ్రేములోనే ఉంచితే ప్రేక్షకుడు ఇల్లును వెతుకుతాడు.